పెరిగిన బ్యాటరీ, తగ్గిన పట్టు

పది పదిహేను వేల రూపాయల్లో ఫోను కొనేవాళ్లు దుకాణంలో ముందుగా అడిగే మాటల్లో ఒకటి, "ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది?" అన్నది. ఈ ప్రశ్న బతుకుతెరువుకు సంబంధించినది. ఉపాధి హామీ పని జరిగేచోట దాన్ని పర్యవేక్షించే మేట్ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో హాజరు వేయాలి. 2023 జనవరి నుంచి ఇది తప్పనిసరి. చెరువు పూడిక తీసేచోట ప్లగ్గు దొరకదు. ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాడి ఫోనులో జీపీఎస్, డేటా, స్క్రీన్ మూడూ పొద్దుటి నుంచి రాత్రి దాకా నడుస్తూనే ఉంటాయి. కూరగాయల బండి దగ్గర యూపీఐ డబ్బు పడిందో లేదో చూసుకోవడానికీ ఆ ఫోనే ఆధారం. వీళ్ల ఫోను మధ్యాహ్నం ఆగిపోతే ఆ రోజు సంపాదనకే గండి పడుతుంది.

పెట్టె మీద రాసిన ఎంఏహెచ్ అంకె, అంటే బ్యాటరీ సామర్థ్యం, ఈ ప్రశ్నకు సగం జవాబే. మిగతా సగం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఏ యాప్ ఎప్పుడు మేలుకుంటుంది, దేన్ని తీసేయవచ్చు, దేన్ని తీయనివ్వరు, కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక ఆ ఫోను గతేమిటి అన్నవన్నీ అందులోకే వస్తాయి. గత పదేళ్లలో చవక ఫోన్ల బ్యాటరీ సామర్థ్యం మూడింతలు దాటింది. అదే కాలంలో ఆ ఫోను సాఫ్ట్‌వేర్ మీద కొన్నవారి పట్టు సడలుతూ వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే చవక ఫోను అసలు ఖరీదు తెలుస్తుంది.

1,700 నుంచి 6,500 దాకా

మన దేశంలో చవక స్మార్ట్‌ఫోన్ల కథ మలుపు తిరిగింది 2014లో. ఆ మే నెలలో 6,999 రూపాయలకు వచ్చిన మోటో ఈలో 1,980 ఎంఏహెచ్ బ్యాటరీ ఉండేది. సెప్టెంబర్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ వన్ పథకాన్ని భారత్‌లోనే మొదలుపెట్టింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలు దాదాపు 6,400 రూపాయలకు తెచ్చిన ఆ మూడు ఫోన్లలోనూ ఉన్నది 1,700 ఎంఏహెచ్ బ్యాటరీయే. చవక ఫోనులోనూ కంపెనీల హంగులు లేని శుభ్రమైన ఆండ్రాయిడ్ ఉండాలి, అప్‌డేట్లు నేరుగా గూగుల్ నుంచి రావాలి అన్నది ఆ పథకం ఆశయం. మంచి ఆశయమే. ఆ మూడు ఫోన్లూ పెద్దగా అమ్ముడుపోలేదు. 2017లో షావోమీ ఎంఐ ఏ1తో ఆ పేరు మళ్లీ వెలిగినా నిలబడలేదు.

2015 ఆగస్టులో షావోమీ, ఫాక్స్‌కాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో రెడ్‌మీ 2 ప్రైమ్ తయారీ మొదలుపెట్టాయి. 2016 ఆరంభంలో ఆసుస్ జెన్‌ఫోన్ మ్యాక్స్ 5,000 ఎంఏహెచ్ బ్యాటరీని 9,999 రూపాయల ధరకు దించింది. ఆ సెప్టెంబర్‌లో జియో 4జీ వచ్చాక జనం ఫోను వాడే తీరే మారిపోయింది. అప్పటిదాకా మెగాబైట్లు లెక్కపెట్టుకుని వాడిన ఇళ్లలో గంటల తరబడి వీడియోలు మొదలయ్యాయి. బ్యాటరీల పోటీ కూడా అప్పటి నుంచే ఊపందుకుంది. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎం30ఎస్‌లో 6,000 ఎంఏహెచ్, 2025 మార్చిలో 13,999 రూపాయలకు వచ్చిన వివో టీ4ఎక్స్‌లో 6,500 ఎంఏహెచ్.

అంకె నాలుగింతలకు దగ్గరైనా వాడకం గంటలు నాలుగింతలు కాలేదు. తొలి ఆండ్రాయిడ్ వన్ ఫోన్ల స్క్రీన్ 4.5 అంగుళాలు, ఇవాళ్టివి 6.7 అంగుళాలు. వెలిగించాల్సిన అద్దం వైశాల్యం దాదాపు రెట్టింపైంది. సెకనుకు 60 సార్లు మారే బొమ్మ 90, 120 సార్లు మారుతోంది. రెండు సిమ్ములూ 4జీ, 5జీ టవర్ల కోసం వెతుకుతుంటాయి. పెరిగిన బ్యాటరీలో పెద్ద వాటా పెరిగిన ఖర్చుకే పోయింది.

ఛార్జింగ్ ఎటు పోతోంది

5,000 ఎంఏహెచ్ బ్యాటరీ సగటు వోల్టేజి 3.85 అనుకుంటే అందులో ఉండే శక్తి సుమారు 19 వాట్-అవర్లు. ఫోను వాడుతున్నప్పుడు 2 వాట్లు తాగితే అది తొమ్మిదిన్నర గంటలు ఆగుతుంది. ఆ ఖర్చును ఒకటిన్నర వాట్లకు దించగలిగితే పన్నెండు గంటలు దాటుతుంది. ఇక్కడ అర వాట్ ఆదా చేయడమంటే బ్యాటరీని 5,000 నుంచి దాదాపు 6,700కు పెంచినంత పని. అందుకే ఖర్చు ఎక్కడ జరుగుతోందో తెలుసుకోవాలి.

మొదట చిప్ సంగతి. 2016 మార్చిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 3నీ, 2017 జనవరిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 4నీ పక్కపక్కన పెట్టండి. రెంటికీ 5.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీనే. బ్యాటరీలు 4,050, 4,100 ఎంఏహెచ్, అంటే తేడా లేనట్టే. కానీ మొదటిదానిలోని స్నాప్‌డ్రాగన్ 650 చిప్‌ను 28 నానోమీటర్ల పద్ధతిలో చేశారు, రెండోదానిలోని స్నాప్‌డ్రాగన్ 625ను 14 నానోమీటర్ల పద్ధతిలో. వేగంలో 650దే పైచేయి. ఛార్జింగ్ నిలపడంలో 625ను అది అందుకోలేకపోయింది. రెండు రోజులు ఆగే ఫోనుగా నోట్ 4కు ఇక్కడ వచ్చిన మంచి పేరుకు మూలం ఆ చిప్పే. నానోమీటర్ల అంకె తగ్గినకొద్దీ ఖర్చు తగ్గుతుందన్న ఇదే సూత్రం ఇవాళ్టి చవక ఫోన్లకూ వర్తిస్తుంది. హీలియో జీ85 తయారైంది 12 నానోమీటర్లలో, హీలియో జీ99 ఆరులో, స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 నాలుగులో. మూడింటి పక్కనా అదే 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ కనిపిస్తుంది, ఫలితం మాత్రం ఒకలా ఉండదు. ప్రకటనల్లో బ్యాటరీ అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిప్ ఏ పద్ధతిలో తయారైందో కొనేవారే వెతుక్కోవాలి.

రెండోది స్క్రీన్. చవక ఫోన్లలో చాలావాటికి ఎల్‌సీడీ స్క్రీనే ఉంటుంది. ఎల్‌సీడీలో వెనకనుండే దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి డార్క్ మోడ్ పెట్టినా ఛార్జింగ్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది కనుక అక్కడ లాభం ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఈ లాభాన్ని కొలిచారు. వెలుతురు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు సగటున 3 నుంచి 9 శాతం ఆదా అవుతోందని, పూర్తి వెలుతురులో అది 39 నుంచి 47 శాతం దాకా వెళ్తోందని తేల్చారు. ఎండలో తిరిగే ఓఎల్‌ఈడీ ఫోనుకు డార్క్ మోడ్ మంచిదే. ఎల్‌సీడీ ఫోనున్నవారు వెలుతురు తగ్గించుకోవడం, 120 హెర్ట్జ్‌ను 60కి మార్చుకోవడం మేలు.

మూడోది సిగ్నల్. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. టవర్ దూరంగా ఉన్నకొద్దీ దాన్ని అందుకోవడానికి ఫోను ఎక్కువ శక్తితో ప్రసారం చేయాలి. హైదరాబాద్‌లో రాత్రి దాకా ఆగిన ఫోనే పాడేరు ఏజెన్సీలోనో నల్లమల అంచు పల్లెలోనో సాయంత్రానికే దిగిపోతే ఆ తప్పు బ్యాటరీది కాదు. 5జీ కూడా ఇక్కడే లెక్కకొస్తుంది. 2022లో ఎయిర్‌టెల్ నాన్ స్టాండలోన్ పద్ధతిని ఎంచుకుంది. అందులో 5జీ వాడుతున్నప్పుడు 4జీ రేడియో కూడా పనిచేస్తూ ఉండాలి. జియోది స్టాండలోన్ పద్ధతి. ఏ పద్ధతైనా సరే, 5జీ వస్తూ పోతూ ఉండే ఊళ్లో ఫోను రెంటి మధ్య ఊగిసలాడుతుంది. అలాంటిచోట సెట్టింగుల్లో 4జీని ఎంచుకోవడం ఖర్చు లేని మందు.

నాలుగోది నిద్ర. జేబులో ఉన్న ఫోను కూడా ఛార్జింగ్ తింటుంది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ గంటకు 1 శాతం దిగినా రాత్రి 8 గంటల్లో 400 ఎంఏహెచ్ పోతుంది. గంటకు 3 శాతం దిగితే తెల్లారేసరికి దాదాపు నాలుగో వంతు ఖాళీ. ఆ నిద్రను చెడగొట్టేది సాఫ్ట్‌వేరే కనుక ఇక అసలు విషయంలోకి వెళ్లాలి.

ఆండ్రాయిడ్ చేసింది, కంపెనీలు చేర్చింది

గూగుల్ ఈ దిశగా చేసిన పని మెచ్చుకోదగినది. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది. కదలకుండా ఉన్న ఫోనులో యాప్‌లు ఎవరికి వారు మేలుకోకుండా, అన్నీ కలిసి కాసేపు లేచి పని ముగించుకుని మళ్లీ పడుకునే ఏర్పాటు అది. ఆండ్రాయిడ్ 8 తెరవెనుక పనుల మీద హద్దులు పెట్టింది. 2018లో ఆండ్రాయిడ్ 9 యాప్‌లను వాడకాన్నిబట్టి తరగతులుగా విడదీసి, అరుదుగా తెరిచేవాటికి తక్కువ వంతు ఇచ్చింది. 2022లో ఆండ్రాయిడ్ 13 నోటిఫికేషన్ పంపాలన్నా ముందు అనుమతి అడగాలన్న నియమం తెచ్చింది. ఈ చివరిది బ్యాటరీకి కూడా సాయమే, ఎందుకంటే అర్జంటు ముద్రతో వచ్చే ప్రతి సందేశమూ నిద్రపోతున్న ఫోనును లేపుతుంది.

ఇంత చేసినా చవక ఫోనులో నిద్ర కుదురుగా ఉండకపోవడానికి ఒక కారణం కంపెనీలు ఆండ్రాయిడ్ మీద తొడిగే సొంత సాఫ్ట్‌వేర్, దానితోపాటు వచ్చే యాప్‌ల గుంపు. పది వేల ఫోను మీద మిగిలే లాభం తక్కువ. ఆ లోటును ప్రకటనలతో, ముందే ఎక్కించిన యాప్‌లకు వచ్చే సొమ్ముతో పూడ్చుకుంటారు. కొన్నవెంటనే తెరిచి చూస్తే ఆటలు, షాపింగ్ యాప్‌లు, సొంత బ్రౌజర్, సొంత యాప్ స్టోర్, అప్పులిచ్చే యాప్ కనిపిస్తాయి. తాళం తీయకముందే తెర మీద వార్తలు, వీడియోలు చూపే గ్లాన్స్ వంటి సేవ కూడా చాలా ఫోన్లలో ఉంటుంది. వీటిలో ప్రతిదీ డేటా లాగుతుంది, ఏదో ఒక వేళ మేలుకుంటుంది, ర్యామ్‌లో చోటు ఆక్రమిస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో ఆ చోటు ఎంతో విలువైనది. చోటు చాలక వాట్సాప్‌నో మ్యాప్స్‌నో వ్యవస్థ మూసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు అది మొదటి నుంచి లేవాలి. అలా లేవడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. పెట్టె మీద గొప్పగా రాసే వర్చువల్ ర్యామ్ నెమ్మదైన స్టోరేజిలో కొంత భాగాన్ని వాడుకునే ఏర్పాటు మాత్రమే. అది అసలు ర్యామ్‌కు సాటి రాదు.

ఇలా భారం పెంచిన కంపెనీలే దాన్ని దాచడానికి మరో పని చేస్తాయి. తెరవెనుక ఉన్న యాప్‌లను ఆండ్రాయిడ్ నియమాలను కూడా దాటి నిర్దాక్షిణ్యంగా మూసేస్తాయి. డోంట్ కిల్ మై యాప్ అనే వెబ్‌సైట్ ఏ కంపెనీ ఫోను ఎంతగా ఇలా చేస్తుందో ఏళ్లుగా నమోదు చేస్తోంది. నోకియా ఫోన్లు చేసిన హెచ్‌ఎండీ అలాంటి ఒక సాఫ్ట్‌వేర్‌ను ఫిర్యాదులు వెల్లువెత్తాక 2019లో విరమించుకుంది. ఇలా మూసేయడం వల్ల అలారం మోగదు, మందుల వేళ గుర్తుచేసే యాప్ మూగబోతుంది, డబ్బు పడిన సందేశం ఆలస్యంగా వస్తుంది. కొన్నవారికి అక్కరలేని యాప్‌లు నడుస్తూనే ఉంటాయి, అవసరమైన యాప్ చచ్చిపోతుంది. బ్యాటరీ ఆదా పేరుతో వాడేవారి ఎంపికను తోసిరాజనడం ఏ లెక్కనా న్యాయం కాదు.

మార్చుకోవడంలో మూడు మెట్లు

ఫోనును మనకు తగ్గట్టు మార్చుకోవడంలో మూడు మెట్లున్నాయి. మెట్టు పెరిగినకొద్దీ పట్టు పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

మొదటి మెట్టు సెట్టింగులు. బ్యాటరీ వాడకం పట్టికలో వారం పాటు పైన కనిపించే యాప్‌లు ఏవో చూడాలి. వాడని యాప్‌లను తీసేయాలి, తీయడం కుదరనివాటిని డిజేబుల్ చేయాలి. షాపింగ్, ఆటల నోటిఫికేషన్లు ఆపాలి. లొకేషన్ అనుమతిని "వాడుతున్నప్పుడు మాత్రమే"కు మార్చాలి. షావోమీ వారి ఎంఐయూఐ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఆటోస్టార్ట్ జాబితాలో అవసరమైన రెండు మూడింటికే అనుమతి ఉంచాలి. బ్యాంకు, అలారం, మందుల యాప్‌లకు మాత్రం బ్యాటరీ ఆంక్షలు తొలగించాలి. లాక్ స్క్రీన్ వార్తలను ఆపాలి. చేయకూడని పనులూ ఉన్నాయి. ప్లే స్టోర్‌లో దొరికే బ్యాటరీ సేవర్, ర్యామ్ బూస్టర్ యాప్‌లు ఎక్కించుకోవద్దు. అవి తామే తెరవెనుక తిరుగుతూ, ప్రకటనలు చూపిస్తూ ఖర్చు పెంచుతాయి. గంట గంటకూ యాప్‌లన్నిటినీ తుడిచేసే అలవాటు కూడా మానుకోవాలి. తరచూ వాడే యాప్‌ను అలా మూసి తెరవడం వల్ల ఖర్చు పెరుగుతుంది. చాలామందికి దక్కే లాభంలో సింహభాగం ఈ మొదటి మెట్టు మీదే ఉంది.

రెండో మెట్టుకు కంప్యూటర్, ఒక కేబుల్ కావాలి. ఫోనులో డెవలపర్ ఆప్షన్లు, యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి ఏడీబీ అనే ఉపకరణంతో, సెట్టింగులు తీయనివ్వని యాప్‌లను కూడా ఆ ఫోను వాడే వ్యక్తి వరకు తొలగించవచ్చు. రూట్ చేయనక్కరలేదు, వారంటీకి సాధారణంగా ఇబ్బంది రాదు, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తీసినవి తిరిగి వస్తాయి. యూనివర్సల్ ఆండ్రాయిడ్ డీబ్లోటర్ వంటి ఉచిత సాధనాలు దేన్ని తీస్తే ఇబ్బంది లేదో, దేన్ని ముట్టుకోకూడదో వివరంగా చెబుతాయి. ఆ జాబితా చదవకుండా పేరు తెలియని ప్రతి యాప్‌నూ తీసేస్తే ఫోను తెరుచుకోకపోవచ్చు. బ్యాంకు యాప్ వాడేముందు డీబగ్గింగ్‌ను తిరిగి ఆపేయడం మరిచిపోకూడదు. పనయ్యాక కూడా దాన్ని తెరిచి ఉంచడం భద్రతకు మంచిది కాదు. 3, 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోనుకు ఈ మెట్టు బాగా పనికొస్తుంది. వేగంలోనూ రాత్రి ఛార్జింగ్‌లోనూ తేడా తెలుస్తుంది.

మూడో మెట్టు, ఫోను ఆన్ అయ్యేటప్పుడు ముందుగా నడిచే బూట్‌లోడర్ తాళం తీసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ స్థానంలో కస్టమ్ రోమ్, అంటే ఇతరులు రూపొందించిన ఆండ్రాయిడ్, ఎక్కించడం. దీనికి ఘనమైన చరిత్ర ఉంది. స్టీవ్ కొండిక్ 2009లో మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ఈ ఉద్యమానికి పెద్ద దిక్కైంది. దాని వాణిజ్య రూపం 2015 జనవరిలో మైక్రోమ్యాక్స్ వారి యు యురేకా ఫోనులో 8,999 రూపాయలకే మన చేతికి వచ్చింది. 2016 చివర సయనోజెన్ కంపెనీ సేవలు ముగిశాక ఆ పనిని ఔత్సాహికులు లీనేజ్ ఓఎస్ పేరుతో నేటికీ నడుపుతున్నారు. షావోమీ సంస్థ మొదలైందే ఇలాంటి పనితో. తొలి ఫోను తయారు చేయకముందే, 2010 ఆగస్టులో, ఇతరుల ఫోన్లలో ఎక్కించుకునే రోమ్‌గా ఎంఐయూఐని విడుదల చేసింది.

రెడ్‌మీ నోట్ 4 ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన ఫోను. ఔత్సాహికులు దాన్ని మిడో అనే సంకేతనామంతో పిలుస్తారు. కంపెనీ దాన్ని ఆండ్రాయిడ్ 7 దగ్గర వదిలేసింది. మన దేశంతో సహా ఎన్నో దేశాల యువకులు తమ తీరిక వేళల్లో కూర్చుని దాన్ని తరువాతి తరాల ఆండ్రాయిడ్‌లోకి నడిపించారు. వ్యవస్థకు మూలమైన కెర్నెల్‌ను సవరించి, చిప్ వేగాన్నీ వోల్టేజినీ సర్దుబాటు చేసి, ప్రకటనలు, అదనపు యాప్‌లు లేకుండా చేశారు. జీతం లేని ఆ శ్రమ వల్ల చెత్తబుట్టకు పోవాల్సిన ఫోన్లు ఏళ్ల తరబడి పనికొచ్చాయి. ఈ దేశపు సాంకేతిక సంస్కృతిలో అది గర్వంగా చెప్పుకోవాల్సిన ఘట్టం.

ఇవాళ ఆ దారి ఇరుకైంది. హువావే 2018లో, ఆసుస్ 2023లో బూట్‌లోడర్ తాళం తీసే సదుపాయాన్ని ఉపసంహరించుకున్నాయి. షావోమీలో తాళం తీయడానికి దరఖాస్తు, నిరీక్షణ ఎప్పటి నుంచో ఉన్నవే, ఎంఐయూఐ స్థానంలో హైపర్ ఓఎస్ వచ్చాక నిబంధనలు ఇంకా బిగిశాయి. పదివేల లోపు ఫోన్లలో ఎక్కువగా కనిపించే యూనిసాక్ చిప్‌లకు రోమ్‌లు దొరకడమే అరుదు. మీడియాటెక్ చిప్‌ల ఫోన్లకు కావలసిన సోర్సు కోడ్ పూర్తిగా, వేళకు బయటికి రావడం లేదు. తాళం తీసిన ఫోనును గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష గుర్తుపడుతుంది. దాంతో పలు బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. సినిమా యాప్‌లలో హెచ్‌డీ నాణ్యత పోవచ్చు, కెమెరా నాణ్యత తగ్గవచ్చు. బ్యాంకుల భయానికీ కారణం ఉంది. తాళం తీసిన ఫోనులో మోసపు సాఫ్ట్‌వేర్ దూరితే కనిపెట్టడం కష్టం. కాబట్టి యూపీఐ మీద రోజు గడిచేవారికి, ఉన్నది ఒక్క ఫోనే అయినవారికి ఈ మూడో మెట్టు తగదు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోను ఇంట్లో పడి ఉంటే, తిరిగి ప్రాణం పోయడానికి ఇదే సరైన దారి.

కస్టమ్ రోమ్ ఎక్కిస్తే బ్యాటరీ రెట్టింపు ఆగుతుందన్న ప్రచారాన్ని కూడా నమ్మనక్కరలేదు. అరిగిపోయిన బ్యాటరీని ఏ రోమూ కొత్తది చేయలేదు. స్క్రీన్ తాగేది తాగుతూనే ఉంటుంది. లాభం వచ్చేది అనవసరమైనవి పోవడం వల్ల. అదే లాభంలో ఎక్కువ భాగం మొదటి రెండు మెట్ల మీద కూడా దొరుకుతుంది.

రోజులు ఏళ్లవడం

రోజువారీ ఛార్జింగ్ గురించి మాట్లాడేవాళ్లు దాన్ని బ్యాటరీ ఆయుష్షుతో కలిపి చూడటం తక్కువ. లిథియం అయాన్ బ్యాటరీ వయసును సైకిళ్లలో కొలుస్తారు. విడతలు విడతలుగానైనా మొత్తం 100 శాతం వాడితే ఒక సైకిల్. 800 సైకిళ్లు ఓర్చే బ్యాటరీని రోజుకు 100 శాతం వాడితే రెండేళ్ల రెండు నెలలకు ఆ లెక్క పూర్తవుతుంది. అనవసరపు యాప్‌లు తీసేసి రోజు ఖర్చును 60 శాతానికి దించితే దాదాపు మూడేళ్ల ఎనిమిది నెలలు వస్తుంది. సాయంత్రం దాకా ఆగడం కోసం చేసిన పనే ఫోను ఆయుష్షుకు ఏడాదికి పైగా కలుపుతుంది. పెద్ద బ్యాటరీ వల్ల కూడా అసలు మేలు ఇదే.

సైకిళ్లతోపాటు వేడి కూడా బ్యాటరీని తినేస్తుంది. ఈ బ్యాటరీ కణాలను 45 డిగ్రీల లోపే ఛార్జ్ చేయాలన్నది సాధారణ నియమం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం నీడలోనే ఆ అంకెకు అటూ ఇటూ ఉంటుంది. ఇక ఫోనును బండి హ్యాండిల్‌కు తగిలించి, ఎండలో మ్యాప్స్ నడుపుతూ, పవర్ బ్యాంక్‌తో ఛార్జ్ చేస్తే ఆ బ్యాటరీ ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నిండా ఛార్జ్ అయిన స్థితిలో వేడికి గురైతే నష్టం మరింత ఎక్కువ. 80, 85 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం సెట్టింగుల్లో ఉంటే ఎండాకాలంలో తప్పక వాడుకోవాలి. పడుకునేటప్పుడు ఫోనును దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడం అస్సలు మంచిది కాదు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తే ఆ ఫోనును వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించాలి.

బ్యాటరీ మార్పించడానికి కొత్త ఫోను ధరలో చిన్న భాగం సరిపోతుంది. అసలైనది దొరకడమే సమస్య. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ వంటిచోట్ల చేయి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు. రెండేళ్లు దాటిన మోడల్‌కు కంపెనీ బ్యాటరీ దొరక్క వాళ్లు కూడా అనుకరణల మీద ఆధారపడాల్సి వస్తోంది. కణాల తయారీ మన దగ్గర మొదలవుతోంది. తిరుపతిలో మునోత్ సంస్థ 2022లో లిథియం కణాల కర్మాగారం ప్రారంభించింది. ఫోను ఇక్కడే తయారై, కణం ఇక్కడే తయారయ్యే రోజున పాత మోడళ్లకు అసలైన బ్యాటరీ దొరకదన్న మాటను సాకుగా చెప్పడం కుదరదు.

చట్టం ఎక్కడుంది

యూరోపియన్ యూనియన్ ఈ విషయంలో గట్టి అడుగు వేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోను బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఆ మోడల్ అమ్మకాలు ముగిశాక ఏడేళ్లపాటు విడిభాగాలు, కనీసం ఐదేళ్లపాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందించాలి. ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని గంటలు ఆగుతుందో పెట్టె మీది లేబుల్‌పై ముద్రించాలి. ఎంఏహెచ్ అంకెకు బదులు గంటల్లో జవాబు చెప్పే లేబుల్ అది. మన దుకాణాల్లోనూ ఇలాంటిది ఉండాలి.

మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఫోన్లు ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో చూపే సూచీ మీద నియమించిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, ముందే ఎక్కించిన గూగుల్ యాప్‌లను వాడేవారు తీసేసుకునే వీలుండాలని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఆ ఆదేశాన్ని మాత్రం పక్కనపెట్టింది. పోటీ చట్టంతో ఈ సమస్య పూర్తిగా తీరదని దీన్నిబట్టి అర్థమవుతుంది. దీన్ని వినియోగదారుడి హక్కుగానే రాసుకోవాలి.

మార్కెట్ కూడా కొంత కదిలింది. 2024 అక్టోబర్‌లో 18,999 రూపాయలకు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి శాంసంగ్ ఆరు తరాల ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఇస్తానంది. 2025 ఆరంభంలో పది వేల ప్రాంతంలో వచ్చిన ఎఫ్06 5జీకి నాలుగు తరాలు ఇస్తానంది. ఒకటి రెండు అప్‌డేట్లతో సరిపెట్టిన రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు. ఇవ్వాలనుకుంటే చవక ఫోనుకూ ఇవ్వవచ్చని ఈ ఉదాహరణలతోనే రుజువైంది.

ఏం చూసి కొనాలి, ఏం అడగాలి

కొనేవారు వరుసగా నాలుగు విషయాలు చూసుకోవాలి. మొదట చిప్. ఆరు నానోమీటర్లు, అంతకన్నా తక్కువది దొరుకుతుంటే పాత 12 నానోమీటర్ల చిప్ ఫోనుకు డబ్బు పెట్టవద్దు. రెండు, అప్‌డేట్ల హామీ ఎన్నేళ్లో కంపెనీ ప్రకటనలోనే రాసి ఉందా అన్నది. మూడు, దుకాణంలోని డెమో ఫోనులో సెట్టింగులు తెరిచి ఎన్ని యాప్‌లు నిజంగా తీసేయడం కుదురుతుందో చూడటం. బ్యాటరీ అంకె నాలుగోది. 5,000 దాటితే మిగతా మూడూ బాగున్నప్పుడు అది చాలు. ఎండలో తిరిగే ఉద్యోగమైతే, రెండు సిమ్ములూ డేటాతో నడిచే పనైతే 6,000 వైపు వెళ్లడం న్యాయమే.

ఇక అడగాల్సిన సంగతి. ఇన్ని ఉపాయాలు నేర్చుకుంటే తప్ప తన ఫోను సాయంత్రం దాకా నడవని స్థితిని ఉపాధి హామీ మేట్ మీదకో కూరగాయలమ్మే ఆవిడ మీదకో నెట్టడం తప్పు. ఏడీబీ ఆదేశాలు తెలిసినవారికే దొరికే శుభ్రమైన ఫోను, తెలియనివారికి కూడా కొన్న మొదటి రోజే దొరకాలి. ఫోను పనిచేయడానికి అవసరం లేని ప్రతి యాప్‌నూ సెట్టింగుల్లోనే పూర్తిగా తీసేసే వీలు ఉండాలి. ఛార్జింగ్ పరిమితి సదుపాయం పది వేల ఫోనులో కూడా ఉండాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున ఆ ఫోను బూట్‌లోడర్ తాళం తీసే వీలు కల్పించాలి, సోర్సు కోడ్ బయటికి రావాలి. అప్పుడు మిడోను ఏళ్లపాటు నడిపిన యువకుల వంటివారు మళ్లీ పని అందుకుంటారు. ఈ మూడింటికీ కొత్త సాంకేతికత అక్కరలేదు, అన్నీ ఎక్కడో ఒకచోట ఇప్పటికే అమల్లో ఉన్నవే. రిపేర్ సూచీ మీద కసరత్తు చేస్తున్న కేంద్రం వీటిని కూడా అందులో కొలమానాలుగా చేర్చాలి. చవక ఫోను కొన్న మనిషి దాని పూర్తి ధర చెల్లించాడు. ఆ ఫోను మీద పూర్తి పట్టు కూడా అతనికే దక్కాలి.